ఖజానా బిగిసినప్పుడు ఆటల పద్దులో దేన్ని కోయాలి?

మీ ప్రశ్న సారాంశం ముందు చెప్పేస్తాను, కొత్తగా చదివేవాళ్లకు పనికొస్తుంది. మీ పట్టణంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ మైదానంలో సగం తీసుకుని ఇండోర్ స్టేడియం కడతామంటున్నారు. అదే ఊళ్లో ఏరియా ఆస్పత్రికి వెళ్తే మందులు బయట కొనుక్కోమంటున్నారు. మీ అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు. ఇంకోపక్క ఒలింపిక్ స్వర్ణం తెస్తే 7 కోట్లు ఇస్తామని రాష్ట్రం ప్రకటించింది. ఇంత ఇబ్బందిలో ఆటలకు సర్కారు సొమ్ము ఎందుకు, ఆడుకునేవాళ్లు వాళ్ల డబ్బుతో ఆడుకోవచ్చు కదా అని మీరు అడిగారు.

నేను అథ్లెటిక్స్ కోచ్‌గా చేరి జిల్లా క్రీడాధికారిగా రిటైరైన మనిషిని. ఆటల వైపే మాట్లాడతానని మీరు అనుకుంటే తప్పులేదు. కానీ మీ కోపంలో సగం నాకూ ఉంది. మిగతా సగం తగలాల్సిన చోట తగలడం లేదు, అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు డబ్బు ఎంతో చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం 50 లక్షల 65 వేల కోట్లు. అందులో యువజన, క్రీడా శాఖకు కేటాయించింది 3,794 కోట్లు. అంటే వంద రూపాయల్లో ఏడున్నర పైసలు, అదీ యువజన వ్యవహారాలతో కలిపి. రాష్ట్రాల్లోనూ క్రీడా శాఖ పద్దు బడ్జెట్ పుస్తకంలో వెతుక్కోవాల్సినంత చిన్నది. కాబట్టి ఆటలకు పూర్తిగా ఆపేస్తే ఆస్పత్రులకు మందులు వస్తాయన్నది జరగదు. మందులు లేకపోవడానికి కారణాలు వేరు, అవి పెద్దవి. అలాగని 'ఎంత పోయిందిలే, ఏడు పైసలే కదా' అనే మా శాఖవాళ్ల వాదన కూడా నాకు నచ్చదు. చిన్న మొత్తమైనా దండగ దండగే. పైగా చిన్న పద్దు మీద ఎవరి కన్నూ ఉండదు కాబట్టి దండగ చేయడం తేలిక.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో క్రీడలు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, 33వ అంశం కింద, నాటకాలు, సినిమాలు, వినోదాలతో కలిపి. అంటే ఊళ్లో పిల్లవాడికి మైదానం, కోచ్ చూపించే బాధ్యత మొదట రాష్ట్రానిది. కింది స్థాయి ఆటలకు ఖేలో ఇండియా అని, ఒలింపిక్ పతకాల ఆశ ఉన్నవాళ్లకు టాప్స్ అని కేంద్రం ఇచ్చేది పైన వేసే పోపు. కానీ రాష్ట్రానికి చేతిలో డబ్బు ఆడనప్పుడు ఆ పోపే భోజనమైపోతోంది. కేంద్రం ఏ పథకానికి ఇస్తే ఆ పథకానికి దరఖాస్తు పెట్టడమే మన క్రీడా విధానం అయిపోయింది. మీ ఇండోర్ స్టేడియం ప్రతిపాదన అలా పుట్టిందో కాదో కనుక్కోండి. బహుశా అలాగే పుట్టి ఉంటుంది.

ఇక అసలు విషయం. బడ్జెట్‌లో ఎంత కేటాయించారన్నది పేపర్లో వస్తుంది. ఎంత విడుదలైందన్నది రాదు. 2020-21లో కేంద్ర క్రీడా శాఖకు మొదట రాసిన అంకె 2,826 కోట్ల పైచిలుకు. కరోనా వచ్చింది, సవరించిన అంచనాల్లో అది 1,800 కోట్లకు పడిపోయింది. ఒక్క ఖేలో ఇండియానే 890 కోట్ల నుంచి 328 కోట్లకు కోశారు. ఆ ఏడాది పోటీలు జరగలేదు, శిబిరాలు నడవలేదు కాబట్టి సగం కోతకు అర్థముంది. కానీ కోత ఎంత సులువుగా పడుతుందో చూడండి. ఆస్పత్రుల పద్దులోనో, పింఛన్ల పద్దులోనో మూడింట రెండు వంతులు కోస్తే సభలో గొడవ జరుగుతుంది. ఆటల పద్దులో కోస్తే ఎవరూ అడగరు.

రాష్ట్రాల్లో ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. పుస్తకంలో అంకె అలాగే ఉంటుంది. మూడు నెలలకోసారి రావాల్సిన బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ రాదు, వస్తే సగం వస్తుంది. వచ్చినదానికి మేం బిల్లు పెడితే ట్రెజరీలో టోకెన్ నంబరు పడుతుంది, డబ్బు పడదు. ఫ్రీజింగ్ అంటారు. మార్చి 31 దాటితే బిల్లు వెనక్కి వస్తుంది, ఏప్రిల్లో మళ్లీ మొదటి నుంచి. అడిగితే నిధులకు కొరత లేదంటారు, అబద్ధమూ కాదు. కాగితం మీద ఉన్నాయి.

అలాంటి ఏడాదిలో మొదట ఆగేవి ఏవో నాకు బాగా తెలుసు. కాంట్రాక్టు కోచ్‌ల జీతాలు. క్రీడా పాఠశాల పిల్లల డైట్ చార్జీలు. జట్లు బయటి రాష్ట్రాలకు వెళ్లే ప్రయాణ ఖర్చులు. బంతులు, నెట్లు, జావెలిన్లు. నేను పనిచేసిన ఒక జిల్లాలో అండర్-17 అమ్మాయిల కబడ్డీ జట్టు జాతీయ పోటీలకు వెళ్లాలి. రిజర్వేషన్ డబ్బు సమయానికి రాలేదు. జట్టుతో వెళ్లే పీఈటీ తన క్రెడిట్ కార్డు మీద టికెట్లు కొన్నారు. అవి వెయిటింగ్ లిస్టులో ఆగిపోయాయి. పిల్లలు జనరల్ బోగీలో రెండు రాత్రులు, వంతులవారీగా కూర్చుని నిద్రపోతూ వెళ్లారు. దిగిన రోజే మధ్యాహ్నం మొదటి మ్యాచ్. ఓడిపోయారు, ఇందులో ఆశ్చర్యపడడానికేముంది. ట్రాక్ సూట్లు జట్టు తిరిగొచ్చిన తర్వాత వచ్చాయి, ఒకే సైజులో. ఆ పీఈటీ డబ్బు తిరిగి రావడానికి మరుసటి విద్యా సంవత్సరం పట్టింది. ఆయన మళ్లీ జట్టును తీసుకెళ్లనన్నారు. నేను బలవంతపెట్టలేదు.

అదే ఏడాది అదే జిల్లాలో ఒక స్టేడియం ప్రహరీగోడ పని మాత్రం ఆగకుండా సాగింది. ఇందులో కుట్రేమీ లేదు, పద్దుల లెక్క. కట్టడాలు మూలధన వ్యయం, అంటే ఆస్తిగా మిగిలే ఖర్చు. వాటికి అప్పు తెచ్చుకోవచ్చు, కేంద్ర పథకం వాటా వస్తుంది, కాంట్రాక్టరు వెంటపడి బిల్లు చేయించుకుంటాడు, ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది. కోచ్ జీతం రెవెన్యూ వ్యయం, అంటే రోజువారీ నడిపే ఖర్చు. దానికి అప్పు పుట్టదు, వెంటపడేవాడు లేడు, శిలాఫలకం వేయలేరు. అందుకే బడ్జెట్ బిగిసిన ప్రతిసారీ కోత పడకూడని చోటే పడుతుంది. నన్నడిగితే డబ్బు లేనప్పుడు ఆపాల్సింది కొత్త కట్టడాలను, ఉత్సవాలను. ఏం చేసినా ముట్టుకోకూడనిది నడిపే ఖర్చు. మన దగ్గర సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది.

కట్టడాలన్నీ దండగని నా ఉద్దేశం కాదు. గచ్చిబౌలి చూడండి. 2002 జాతీయ క్రీడల కోసం, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల కోసం అక్కడ పెద్ద ఎత్తున కట్టారు. అక్కడ క్రీడాకారుల బసకని లేపిన టవర్ ఏళ్ల తరబడి దాదాపు ఖాళీగా పడి ఉంది. చివరికి 2020 ఏప్రిల్లో కరోనా వచ్చాక దాన్ని టిమ్స్ ఆస్పత్రిగా మార్చారు. రోగులు పడుకోవడానికైనా పనికొచ్చింది, సంతోషం. అదే ఆవరణలో ఉన్న ఇండోర్ స్టేడియం కథ వేరు. 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ అక్కడే జరిగింది. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు పి.వి. సింధు కొరియా కోచ్ పార్క్ తే సాంగ్ దగ్గర సాధన చేసింది కూడా అక్కడే. అంత పెద్ద హాల్లో షటిల్ గాలికి ఎలా కొట్టుకుపోతుందో తెలుసుకోవడానికి చిన్న అకాడమీ హాలు సరిపోదు కాబట్టి. రెండూ ఒకే ఆవరణలో. ఒకదాన్ని వాడేవాళ్లున్నారు, ఇంకోదానికి క్రీడలు ముగిశాక ఎవరుంటారని ఎవరూ ఆలోచించలేదు.

జిల్లాల్లో రెండో రకమే ఎక్కువ. మీరు ఏ పాత ఇండోర్ స్టేడియానికైనా వెళ్లి చూడండి. రేకు ఎక్కడో కారుతుంది, కింద చెక్క ఉబ్బి బల్లలు లేచి ఉంటాయి, సగం దీపాలు వెలగవు. ఎన్నికలొస్తే అది ఈవీఎంల స్ట్రాంగ్ రూమ్, తర్వాత కౌంటింగ్ సెంటర్. తాళాలు నెలల తరబడి రెవెన్యూవాళ్ల దగ్గరే. కౌంటింగ్ కోసం వేసిన బారికేడ్ల గుంజలకు ఫ్లోరంతా గుంటలు. అది బాగుచేయడానికి మళ్లీ ఒక ప్రతిపాదన, మళ్లీ ఒక టోకెన్ నంబరు. గేదెను కొనడానికి అప్పు దొరికింది, గడ్డికి డబ్బు లేదన్నట్టు ఉంటుంది మా వ్యవహారం.

ఒక లెక్క వేసి చూపిస్తాను. బహుళార్థ ఇండోర్ హాలుకు కేంద్ర పథకం కింద అనుకునే ఖర్చు 8 కోట్ల ప్రాంతంలో ఉండేది, ఇప్పుడు ధరలు పెరిగాయి, అయినా అదే అనుకుందాం. ఏడున్నర శాతానికి అప్పు తెస్తే ఏడాదికి వడ్డీ 60 లక్షలు. ఖేలో ఇండియాలోనే ఇంకో చిన్న పథకముంది, జిల్లాల్లో ఖేలో ఇండియా కేంద్రాలు. ఒక్కో కేంద్రానికి మొదట 5 లక్షలు, తర్వాత ఏటా 5 లక్షలు. ఆ ఏటా 5 లక్షల్లోనే ఒకప్పుడు పతకాలు తెచ్చిన క్రీడాకారుడిని కోచ్‌గా పెట్టుకుని 3 లక్షలు ఇస్తారు, మిగతాది సామాను, పోటీలు. మీ హాలు వడ్డీ డబ్బుతో అలాంటివి పన్నెండు నడుస్తాయి. పన్నెండు మండలాల్లో పన్నెండు మంది కోచ్‌లు. హాలు కోసం తెచ్చిన అప్పులో అసలు అలాగే ఉంది, కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం ఇంకా కలపలేదు. ఈ కేంద్రాల డబ్బు కూడా ఆలస్యంగా వస్తుందనే ఫిర్యాదు ఉంది, నేనేమీ దాచడం లేదు. కానీ ఖర్చుకు సరైన కొలత అది.

కోచ్ ఒకచోట ఏళ్ల తరబడి కూర్చుంటే ఏమవుతుందో మన దగ్గరే సాక్ష్యముంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారు బరువులెత్తడం నేర్పేవారు. 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మొదట అక్కడే ఎత్తింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. అక్కడ ఏసీ హాలు లేదు, సింథటిక్ ఏదీ లేదు. పొద్దున్నే వచ్చే మనిషి ఉన్నాడు, అంతే.

మీరడిగిన 'ప్రైవేటువాళ్లకు వదిలేయొచ్చు కదా' అన్న మాటకు అందరూ పుల్లెల గోపీచంద్ అకాడమీని చూపిస్తారు. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాక ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గచ్చిబౌలిలో 5 ఎకరాలు ఇచ్చింది. కట్టడానికి డబ్బు లేక ఆయన ఇల్లు తాకట్టు పెట్టారు, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇచ్చారు, 2008లో అకాడమీ మొదలైంది. 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం. ప్రభుత్వం పెట్టింది భూమి, బయటివాళ్లు పెట్టింది డబ్బు, మనిషి పెట్టింది జీవితం. మంచి ఏర్పాటే. కానీ బ్యాడ్మింటన్‌లో నెలనెలా ఫీజు కట్టగల తల్లిదండ్రులున్నారు. కబడ్డీలో, రెజ్లింగ్‌లో, అథ్లెటిక్స్‌లో లేరు. అకాడమీ భూముల పేరుతో ఇంకెన్నో దరఖాస్తులు వచ్చాయి, వాటన్నిటి వెనకా గోపీచంద్ ఉండడు. కాబట్టి ఇది విధానంగా రాసుకోదగ్గది కాదు, జరిగినప్పుడు అడ్డం పడకుండా ఉండదగ్గది.

ఆ సింధు కథలోనే లెక్కలోకి రాని ప్రభుత్వ డబ్బు ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, ఇద్దరూ రైల్వే ఉద్యోగులు. మన దేశంలో ఆటల మీద ప్రభుత్వం పెట్టే ఖర్చులో పెద్ద భాగం క్రీడా శాఖ పద్దులో ఉండదు, జీతాల పద్దులో ఉంటుంది. రైల్వే, పోలీసు, సైన్యం, ప్రభుత్వ బ్యాంకులు, ఆయిల్ కంపెనీలు. పేదింటి తల్లిదండ్రులు అమ్మాయిని గ్రౌండ్‌కు పంపేది పతకం కోసమని మీరనుకుంటున్నారా? స్పోర్ట్స్ కోటాలో కానిస్టేబుల్ ఉద్యోగం వస్తుందన్న ఆశతో. నా దగ్గరికి వచ్చిన పిల్లల తండ్రుల్లో ఎక్కువమంది మొదటి రోజే అడిగిన ప్రశ్న అదే. ఆంధ్రప్రదేశ్ కొత్త క్రీడా విధానంలో ఈ కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. బాగుంది. కానీ నోటిఫికేషనే రాకపోతే మూడు శాతమైనా ముప్పై శాతమైనా ఒకటే. డబ్బు బిగిసినప్పుడు నియామకాలు ఆగుతాయి, నియామకాలు ఆగితే రెండేళ్లలో గ్రౌండ్‌లో పదహారేళ్ల పిల్లలు తగ్గిపోతారు. క్రీడా బడ్జెట్లో ఒక్క రూపాయి తగ్గించకుండానే క్రీడలు తగ్గుతాయి.

7 కోట్ల సంగతికొద్దాం, మీకు అదే ఎక్కువ మండుతోంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన విధానంలో స్వర్ణానికి 7 కోట్లు, రజతానికి 5, కాంస్యానికి 3. అంతకుముందు స్వర్ణానికి 75 లక్షలుండేది. ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది. ఒలింపిక్స్ చరిత్ర మొత్తంలో మన దేశానికి వ్యక్తిగత స్వర్ణాలు రెండే, 2008లో అభినవ్ బింద్రా, టోక్యోలో నీరజ్ చోప్రా. తెలుగువాళ్లకు ఇంకా రాలేదు. అంటే ఆ 7 కోట్లు చాలా ఏళ్ల వరకు ఖజానా నుంచి కదలకపోవచ్చు. ఖర్చు లేకుండా పేపర్లో పెద్ద అంకె వేయించుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు, అందుకే అన్ని రాష్ట్రాలూ, అన్ని పార్టీలూ పోటీపడి పెంచుతున్నాయి. కాబట్టి అది మీ ఆస్పత్రి మందుల డబ్బు కాదు, నిశ్చింతగా ఉండండి. నా అభ్యంతరం వేరే. ఆ డబ్బు పతకం వచ్చాక వస్తుంది. కావాల్సింది పన్నెండేళ్ల ముందు.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధోపరమైన లోపం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది, కోచ్ నాగపురి రమేశ్‌కు 10 లక్షలు. ఇవ్వాల్సిందే, ఎవరు కాదంటారు. కానీ ఆ అమ్మాయి అమ్మానాన్నలు కూలిపనికెళ్లేవాళ్లు. బడిలో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడకపోతే, హైదరాబాద్‌లో రమేశ్ లాంటి కోచ్ చేరదీయకపోతే ఆ కోటి ఇవ్వాల్సిన అవసరమే వచ్చేది కాదు. మరి ఇప్పుడు ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు సమగ్ర శిక్షా కింద ఏడాదికి వచ్చే క్రీడా గ్రాంటు ఎంతో తెలుసా? 25 వేలు. ప్రాథమికోన్నత పాఠశాలకు 10 వేలు, ప్రాథమిక పాఠశాలకు 5 వేలు. ఆ 25 వేలతో నాలుగైదు మంచి వాలీబాల్స్, రెండు నెట్లు, కాస్త క్రికెట్ సామాను, ఒకటో రెండో డిస్కస్‌లు కొంటే అయిపోతుంది. అది కూడా కొన్ని చోట్ల పైనే టెండరు వేసి కిట్లుగా పంపిస్తారు, మొదటి వారానికే బంతుల పొర ఊడుతుంది. ఊళ్లో పీఈటీని అడిగితే ఏ బంతి కొనాలో, ఏ షాపులో కొనాలో చెబుతాడు. ఎవరూ అడగరు.

పతకాల మీదే పెట్టుబడి పెడితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే బ్రిటన్ మంచి ఉదాహరణ. 1996 అట్లాంటాలో వాళ్లకు ఒక్కటే స్వర్ణం. జాతీయ లాటరీ డబ్బును ఆటల్లోకి మళ్లించారు, ఏ ఆటలో పతకం వస్తుందో అక్కడే గుమ్మరించారు. 2012 లండన్‌లో 29 స్వర్ణాలు. అద్భుతమే. కానీ 2010లో పొదుపు పేరుతో బడ్జెట్లు కోసినప్పుడు అదే దేశం స్కూల్ స్పోర్ట్ పార్ట్‌నర్‌షిప్‌లకు ఇస్తున్న 16.2 కోట్ల పౌండ్లు ఆపేస్తామంది, గోల జరిగాక కొంత వెనక్కి ఇచ్చింది. సొంత గడ్డ మీద ఒలింపిక్స్‌కు రెండేళ్ల ముందు, బడి పిల్లల ఆటల డబ్బు! 2016 రియోలో వాళ్ల బ్యాడ్మింటన్ జోడీ కాంస్యం గెలిస్తే, తర్వాతి నాలుగేళ్లకు బ్యాడ్మింటన్‌కే నిధులు ఆపేశారు, టోక్యోలో పతకం వచ్చే అవకాశం తక్కువని. పతకాల పట్టిక చూసి మనవాళ్లు బ్రిటన్ దారి అంటుంటారు. ఆ దారిలో ఇవి కూడా ఉన్నాయి. మన టాప్స్ పథకంలో ఎంపికైన క్రీడాకారుడికి నెలకు 50 వేలు చేతి ఖర్చుకు, శిక్షణ, ప్రయాణం అదనం. ఇది అవసరమే, నేను వ్యతిరేకిని కాదు. అయితే అది పైమెట్టు. కింది మెట్లు ఉంటేనే పైమెట్టుకు ఎక్కేవాళ్లుంటారు.

దగ్గరలో ఒడిశా చేసింది నాకు ఎక్కువ నచ్చుతుంది. అంతకుముందు స్పాన్సర్ సహారా తప్పుకున్నాక 2018లో జాతీయ హాకీ జట్లకు, పురుషులకూ మహిళలకూ, ఆ రాష్ట్రమే స్పాన్సర్ అయింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం దేశం జట్టును పోషించడమేంటని నవ్వినవాళ్లున్నారు. టోక్యోలో 41 ఏళ్ల తర్వాత హాకీ పతకం వచ్చింది, పారిస్‌లో మళ్లీ వచ్చింది. వాళ్లు అన్ని ఆటలూ మీద వేసుకోలేదు. సుందర్‌గఢ్ జిల్లాలో పిల్లలు పుట్టుకతో ఆడే ఆటను పట్టుకున్నారు, ప్రభుత్వం మారినా ఒప్పందాన్ని 2036 వరకు పొడిగించారు. విశాఖ అమ్మాయి, హర్డిల్స్ జాతీయ రికార్డు సాధించిన జ్యోతి యర్రాజి భువనేశ్వర్ వెళ్లి అక్కడి కేంద్రంలోనే రాటుదేలింది. మన అమ్మాయికి మన దగ్గర ఆ సౌకర్యం లేదు కాబట్టే కదా. అయితే ఒడిశాకు గనుల ఆదాయం ఉంది, మనకు అప్పుల వడ్డీ ఉంది. వాళ్ల ఖర్చు మనం పెట్టలేం. వాళ్ల పట్టుదల మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. జిల్లాకు రెండు ఆటలు చాలు, పదేళ్లు మార్చకూడదు.

మనం చేసేదేమో ఉత్సవాలు. 2023 డిసెంబరులో మొదలుపెట్టిన 'ఆడుదాం ఆంధ్రా'కు వంద కోట్ల పైనే అయింది, దాదాపు యాభై రోజుల్లో ముగిసింది. ఊరూరా ఆడించారు, అది నిజమే, నేను చూశాను, జనం ఉత్సాహంగా వచ్చారు. ముగిశాక ఆ పిల్లల్లో బాగా ఆడినవాళ్లను ఎక్కడికి పంపారు? పంపడానికి ఏమీ లేదు. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఖర్చు మీద విచారణ అంది, రాజకీయం మొదలైంది, ఆట మరుగునపడింది. ఎవరు తిన్నారు ఎవరు తినలేదన్నది నాకు అనవసరం. ప్రతి రూపాయీ నిజాయితీగా ఖర్చయినా నేనిదే అంటాను.

పెద్ద ఉత్సవాల మాట ఎత్తితే ఇంకా పెద్ద అంకెలు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు కాగ్ తేల్చిన లెక్క 18,532 కోట్లు, రోడ్లూ వంతెనలూ కలిపి. 1976 ఒలింపిక్స్ అప్పును మాంట్రియల్ 2006 దాకా తీర్చింది, పొగాకు మీద పన్ను వేసి. ఇప్పుడు 2030 కామన్వెల్త్ అహ్మదాబాద్‌కు వచ్చింది, 2036 ఒలింపిక్స్ మీద కన్నుంది. ఆ ఏళ్లలో కేంద్రం డబ్బు ఎటు పారుతుందో ఊహించడానికి జ్యోతిష్యం రానక్కర్లేదు. మన జిల్లాల పిల్లలకు కింది స్థాయి నిధులు బిగుసుకుంటాయని ఇప్పటి నుంచే అనుకుని రాష్ట్రం సొంత ఏర్పాటు చేసుకోవాలి.

తెలంగాణలో 2022లో ఊరికో క్రీడా ప్రాంగణం అన్నారు. ఉపాధి హామీ పనులతో నేల చదును, ఖోఖో గుంజలు, వాలీబాల్ కోర్టు, సింగిల్ బార్, లాంగ్ జంప్ గుంట, ముందు పెద్ద బోర్డు. ఆలోచన మంచిది, ఖర్చూ తక్కువే. కానీ మా బంధువుల ఊళ్లో చూశాను. ఊరికి దూరంగా చెరువు దిగువన ఉన్న స్థలం ఇచ్చారు, వానాకాలం అంతా తుమ్మ మొలకలు, బోర్డు మాత్రం దృఢంగా ఉంది. పక్క ఊళ్లో అదే నమూనా బడి వెనకాల వచ్చింది, ఒక రిటైర్డ్ సైనికుడు పొద్దున్నే కుర్రాళ్లను పోలీసు సెలక్షన్లకు పరిగెత్తిస్తాడు, అక్కడ గడ్డి మొలవదు. ఆయనకు నెలకు కొంత గౌరవ వేతనం ఇచ్చే పద్దు పంచాయతీలో లేదు. అది పెట్టడానికి ఏ గ్లోబల్ టెండరూ అక్కర్లేదు.

ఇక మీ ఊరి సంగతి. కాలేజీ మైదానంలో సగం పోనివ్వకండి, ముందు ఆ మాట. ఓపెన్ గ్రౌండ్‌లో ఒకే సాయంత్రం రెండు వందల మంది ఆడగలరు. నాలుగు షటిల్ కోర్టుల్లో పదహారు మంది ఆడతారు, అది కూడా పొద్దున్న ఐదున్నరకు కార్లలో వచ్చే మీలాంటి, నాలాంటి పెద్దమనుషులు. మనకు ఆడుకోవడానికి చోటు ఉండకూడదని కాదు, మనం డబ్బు కట్టి ఆడుకోగలం. హాలు కట్టాల్సిందేనని పట్టుబడితే వేరే స్థలం చూడమనండి. పొద్దున స్లాట్లకు పే అండ్ ప్లే కింద గట్టిగా ఫీజు పెట్టి, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా ప్రభుత్వ బడి పిల్లలకు ఉచితమని తీర్మానంలోనే రాయించండి. నోటిమాటగా ఉంటే ఆరు నెలల్లో ఆ సమయం కూడా మనలాంటివాళ్లకే పోతుంది. ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, నీళ్లు వచ్చే టాయిలెట్ ముందు కట్టి తర్వాత గ్యాలరీ సంగతి చూడమనండి. గ్రౌండ్‌కు వస్తున్న అమ్మాయిలు ఎనిమిదో తరగతి తర్వాత ఎందుకు మానేస్తున్నారో అడిగితే సగంమంది చెప్పేది దాని గురించే. దగ్గరలో ఫ్యాక్టరీలుంటే కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ప్రకారం గ్రామీణ, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల శిక్షణకు సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు పెట్టే డబ్బు, ఇవ్వొచ్చు. అడిగేటప్పుడు మాత్రం హాలు అడగకండి. ఇద్దరు కోచ్‌లకు మూడేళ్ల జీతం అడగండి. వాళ్లు హాలే ఇస్తామంటారు, గోడ మీద పేరుంటుంది కదా. ఓపికగా మళ్లీ అడగండి.

స్టేడియం అంశం వచ్చే మున్సిపల్ కౌన్సిల్ సమావేశానికి వెళ్లే ముందు జిల్లా క్రీడాభివృద్ధి అధికారి (డీఎస్‌డీవో) ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టండి. గత మూడేళ్లలో జిల్లా క్రీడలకు కేటాయింపు ఎంత, విడుదల ఎంత, ట్రెజరీ పాస్ చేసింది ఎంత, ఈ మూడూ వేర్వేరుగా ఇవ్వమనండి. కలిపి అడిగితే కేటాయింపు మాత్రమే చెప్పి పంపేస్తారు. కోచ్ పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీ, ఆఖరి జీతం ఏ నెలకు పడిందో కూడా రాయండి. స్టేడియం ఫైలులో మొదటి ఐదేళ్ల కరెంటు, వాచ్‌మన్, మరమ్మతుల ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుందో రాసిన కాగితం ఉందేమో చూపించమనండి. నేను చూసిన ఫైళ్లలో చాలావాటికి ఆ కాగితం ఉండేది కాదు. మీ దాంట్లోనూ లేకపోతే, అది వచ్చేదాకా అంశాన్ని వాయిదా వేయమని మీ వార్డు కౌన్సిలర్‌తో లిఖితపూర్వకంగా అడిగించండి.